వంద కిలోల ఫార్వర్డ్: ఇంగ్లండ్ కింది లీగుల్లో అకిన్‌ఫెన్వా ఇరవై ఏళ్లు ఎలా నిలిచాడు?

క్లుప్తంగా: ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని అడెబాయో అకిన్‌ఫెన్వా పేరు ప్రపంచంలో చాలామంది ఫుట్‌బాల్ అభిమానులకు తెలుసు. అతని కెరీర్‌ను ఒక వింతగా చూపించడం మామూలైపోయింది. నిజానికి ఇంగ్లండ్ మూడు, నాలుగో స్థాయి లీగుల ఆర్థిక పరిస్థితి, అక్కడి ఆట తీరు, ఏడాదికోసారి ముగిసే కాంట్రాక్టులు కలిసి తయారుచేసిన కెరీర్ అది.

ఫిఫా వీడియో గేమ్ ఆడినవాళ్లకు అకిన్‌ఫెన్వా మొదట ఒక అంకెగా పరిచయం. ఆ గేమ్‌లో ప్రతి ఆటగాడికీ వేగం, షాట్, పాసింగ్, బలం అంటూ రేటింగులు ఉంటాయి. బలం విభాగంలో ఏళ్లపాటు అందరికంటే పైన కనిపించిన పేరు ఇతనిదే. కొన్ని ఎడిషన్లలో అది 97కు చేరింది. మెస్సీ, రొనాల్డోలతో ఆడి విసుగొచ్చిన కుర్రాళ్లు సరదాకి ఇతన్ని జట్టులోకి తెచ్చుకునేవారు. ఆట మూసేశాక మాత్రం కొన్ని ప్రశ్నలు మిగిలేవి. వంద కిలోలు దాటిన మనిషి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఎలా ఆడాడు? అంత బలం ఉంటే పెద్ద క్లబ్బులు ఎందుకు తీసుకోలేదు? పదికి పైగా క్లబ్బులు ఎందుకు మారాల్సి వచ్చింది? మూడింటికీ జవాబు అతని శరీరంలో కంటే అతను ఆడిన లీగుల్లోనే ఎక్కువగా దొరుకుతుంది.

92 క్లబ్బులు, నాలుగు మెట్లు

ఇంగ్లండ్‌లో ప్రొఫెషనల్ లీగులు నాలుగు. పైన 20 జట్ల ప్రీమియర్ లీగ్. దాని కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఒక్కోదాంట్లో 24 జట్లు. మొత్తం 92 క్లబ్బులు. పేర్లు చూసి పొరబడే అవకాశం ఉంది: లీగ్ వన్ అంటే మూడో స్థాయి, లీగ్ టూ అంటే నాలుగో స్థాయి. ఈ పేర్లు 2004 నుంచి వాడుకలో ఉన్నాయి. దీని కింద నాన్ లీగ్ అని పిలిచే పెద్ద ప్రపంచం ఇంకోటి ఉంది.

ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన జట్టు కూడా మరుసటి ఏడాది అదే లీగులో ఆడుతుంది. ఇంగ్లండ్‌లో అలా కుదరదు. ఆఖర్న నిలిస్తే కింది లీగుకు దిగాలి, పైన నిలిస్తే ఎక్కాలి. లీగ్ టూలో మొదటి మూడు జట్లు నేరుగా పైకి వెళ్తాయి. నాలుగు నుంచి ఏడో స్థానం వరకు ఉన్న జట్లు నాలుగో బెర్తు కోసం ప్లేఆఫ్స్ ఆడతాయి. ఫైనల్ సాధారణంగా వెంబ్లీలో, మే చివర్లో. మన దేశ ఫుట్‌బాల్‌లో రెండో మెట్టైన ఐ-లీగ్ విజేతకు పై మెట్టు ఐఎస్‌ఎల్‌లోకి ప్రమోషన్ ఇవ్వడం 2022-23 సీజన్‌తోనే మొదలైంది. ఆ ఏడాదీ, తర్వాతి ఏడాదీ రెండో స్థానంలో ఆగిపోయిన హైదరాబాద్ క్లబ్ శ్రీనిధి డెక్కన్ అభిమానులకు ఆ ఒక్క మెట్టు విలువ ఎంతో తెలిసే ఉంటుంది.

కింది రెండు లీగుల్లో ఒక జట్టు సీజన్‌కు 46 లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంది, కప్ మ్యాచ్‌లు అదనం. ఒక మెట్టు ఎక్కితే టీవీ డబ్బు, టికెట్ల ఆదాయం పెరుగుతాయి. దిగితే ఆటగాళ్లను వదులుకోవాలి. అకిన్‌ఫెన్వా జీవితమంతా ఈ ఎక్కడం, దిగడం మధ్యే గడిచింది.

లండన్ కుర్రాడు లిథువేనియాలో

1982 మే 10న లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో, నైజీరియా నుంచి వచ్చిన కుటుంబంలో అకిన్‌ఫెన్వా పుట్టాడు. చిన్నప్పటి నుంచి లివర్‌పూల్ అభిమాని. వాట్‌ఫర్డ్ క్లబ్ యువ జట్టులో శిక్షణ పొందినా సీనియర్ జట్టులో చోటు దొరకలేదు. ఇంగ్లండ్ అకాడమీల నుంచి ప్రతి ఏటా వందలమంది కుర్రాళ్లు 16, 18 ఏళ్ల వయసులో ఇలాగే బయటికి వస్తారు. చాలామందికి ఫుట్‌బాల్ అక్కడితో ముగుస్తుంది.

అతనికి ఒక ఏజెంట్ పరిచయాల ద్వారా లిథువేనియాలో దారి దొరికింది. క్లైపెడా నగరంలోని ఎఫ్‌కే అట్లాంటస్ క్లబ్‌లో 2001లో చేరాడు. అదే ఏడాది ఆ క్లబ్ లిథువేనియా కప్ గెలిచింది. ఆటపరంగా అది మంచి ఆరంభమే. మైదానంలో మాత్రం జాతి దూషణలు నిరంతరం ఎదురయ్యాయి, అదీ ప్రత్యర్థుల అభిమానుల నుంచే కాదు, సొంత జట్టును చూడటానికి వచ్చినవాళ్ల నుంచి కూడా. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఆ వాతావరణంలో వెనక్కి వెళ్లిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అతను ఆగాడు. ఇది కేవలం పట్టుదల కథగా చెబితే సగమే చెప్పినట్టు. సొంత దేశంలో కాంట్రాక్టు లేని ఆటగాడికి సీనియర్ మ్యాచ్‌ల అనుభవం ఒక్కటే చేతిలో ఉండే సర్టిఫికెట్. అది దొరికే చోటు వదిలితే తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది.

ఒకే సీజన్‌లో నాలుగు క్లబ్బులు

2003లో వేల్స్‌లోని బ్యారీ టౌన్‌లో కొద్దికాలం ఆడాడు. ఆ క్లబ్ లీగ్, కప్ రెండూ గెలిచింది, వెంటనే డబ్బు లేక కుప్పకూలింది. ఆ తర్వాతి 2003-04 సీజన్‌లో బోస్టన్ యునైటెడ్, లేటన్ ఓరియంట్, రష్డెన్ అండ్ డైమండ్స్, డాంకాస్టర్ రోవర్స్ అంటూ నాలుగు క్లబ్బుల చొక్కాలు వేసుకున్నాడు.

ఆటగాడు నిలకడ లేనివాడని దీన్ని చదవడం తేలిక. ఆ రోజుల మార్కెట్ చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. ప్రీమియర్ లీగ్ కింద ఉన్న 72 క్లబ్బుల మ్యాచ్‌ల ప్రసారానికి ఐటీవీ డిజిటల్ సంస్థ మూడేళ్లకు 31.5 కోట్ల పౌండ్లు ఇస్తానని ఒప్పందం చేసుకుంది. చందాదారులు అనుకున్నంతగా రాలేదు. 2002లో సంస్థ దివాలా తీసింది, దాదాపు 18 కోట్ల పౌండ్లు రాకుండా పోయాయి. క్లబ్బులు అప్పటికే ఆ డబ్బు వస్తుందన్న ధీమాతో జీతాలు రాసిచ్చాయి. ఫలితంగా రాబోయే రెండు మూడు సీజన్లలో కింది లీగుల్లో ఎక్కడ చూసినా ఖర్చుల కోతే. కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లను పెద్ద సంఖ్యలో వదిలేశారు. కొత్తగా తీసుకుంటే నెల, మూడు నెలల ఒప్పందాలే. గాయపడిన స్ట్రైకర్ తిరిగి వచ్చేవరకు ఒకరు కావాలి, ఆ తర్వాత అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో అసలు పేరే లేని 21 ఏళ్ల ఫార్వర్డ్ సరిగ్గా ఆ మార్కెట్‌లోకి అడుగుపెట్టాడు.

1995 నాటి బాస్మన్ తీర్పును కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు ఫీజు లేకుండా వేరే క్లబ్‌కు వెళ్లవచ్చని యూరప్ న్యాయస్థానం చెప్పింది. పెద్ద తారలకు దీనివల్ల జీతాలు పెరిగాయి. కింది లీగుల్లో లెక్క తిరగబడింది: ఉచితంగా దొరికే ఆటగాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి ఎవరికీ పొడవైన కాంట్రాక్టు ఇవ్వాల్సిన అవసరం క్లబ్బులకు లేకపోయింది. ఒకే తీర్పు పైన ఒకలా, కింద ఒకలా పనిచేసింది.

ఆ శరీరం ఏ పనికి?

2004-05లో టార్కీ యునైటెడ్‌కు అతను 14 లీగ్ గోల్స్ చేశాడు. జట్టు మాత్రం లీగ్ వన్ నుంచి దిగిపోయింది. మరుసటి ఏడాది స్వాన్సీ సిటీ తీసుకుంది. ఆ క్లబ్ కొత్తగా కట్టిన లిబర్టీ స్టేడియంలో మొదటి లీగ్ గోల్ అతనిదే. 2006 ఏప్రిల్‌లో కార్డిఫ్‌లో జరిగిన ఫుట్‌బాల్ లీగ్ ట్రోఫీ ఫైనల్లో కార్లైల్‌పై 2-1 విజయానికి గెలుపు గోల్ కూడా అతనే కొట్టాడు.

ఇలాంటి ఆటగాడిని ఫుట్‌బాల్ భాషలో టార్గెట్ మ్యాన్ అంటారు. కింది లీగుల్లో జనవరి, ఫిబ్రవరి నెలల్లో మైదానాలు బురదగా ఉంటాయి. డిఫెండర్ దగ్గర నుంచి చిన్న చిన్న పాసులతో బంతిని ముందుకు తేవాలంటే ప్రతి పాసూ ఒక రిస్కే. అందుకే గోల్‌కీపరో సెంటర్ బ్యాకో బంతిని ఎత్తి అరవై గజాల దూరం కొడతాడు. అక్కడ నిలబడే ఫార్వర్డ్ వెనకున్న డిఫెండర్‌ను వీపుతో ఆపి, బంతిని ఛాతీ మీద తీసుకుని, రెండు మూడు సెకన్లు కాపాడాలి. ఆ రెండు మూడు సెకన్లలో మిడ్‌ఫీల్డర్లు పరుగెత్తుకుంటూ వచ్చేస్తారు. జట్టంతా ముప్పై గజాలు ముందుకు జరుగుతుంది. ఇది గోల్స్ పట్టికలో ఎక్కడా కనిపించని పని.

వంద కిలోల మనిషిని వెనక నుంచి కదిలించడం ఒక డిఫెండర్ వల్ల కాదు. ఇద్దరు వస్తారు. ఇద్దరు వస్తే ఇంకో ఫార్వర్డ్‌కు ఖాళీ దొరుకుతుంది. లాగితే ఫౌల్, ఫౌల్ అయితే ఫ్రీకిక్, అలసిపోయిన జట్టుకు కాస్త ఊపిరి. కార్నర్లలో, లాంగ్ త్రోలలో అతని చుట్టూ ఏర్పడే తొక్కిసలాట మరో ఆయుధం.

దీనికి జట్టు కట్టాల్సిన ధర కూడా ఉంది. అతను ప్రత్యర్థి డిఫెండర్లను వెంటాడి ఒత్తిడి చేయలేడు (దీన్నే ప్రెసింగ్ అంటారు). కౌంటర్ అటాక్‌లో ముందు పరుగెత్తలేడు. అతని చుట్టూ ఇద్దరు ముగ్గురు చురుకైనవాళ్లు లేకపోతే లాభం కంటే నష్టమే ఎక్కువ. అంటే అకిన్‌ఫెన్వాను తీసుకోవడమంటే ఒక ఆట పద్ధతిని తీసుకోవడమే. ఆ పద్ధతి ఉన్న కోచ్ దగ్గర అతను గోల్స్ చేశాడు, లేనిచోట బెంచీ మీద కూర్చున్నాడు.

స్వాన్సీలో జరిగింది దీనికి మంచి ఉదాహరణ. 2006 మేలో లీగ్ వన్ ప్లేఆఫ్ ఫైనల్లో బార్న్‌స్లీతో 2-2 డ్రా తర్వాత పెనాల్టీల్లో స్వాన్సీ ఓడింది. గోల్ కానివాటిలో అకిన్‌ఫెన్వా కొట్టినదీ ఒకటి. 2007 ఫిబ్రవరిలో రొబెర్టో మార్టినెజ్ మేనేజర్‌గా వచ్చి, బంతిని నేల మీదే తిప్పే పాసింగ్ ఆటను మొదలుపెట్టాడు. అదే ఏడాది అకిన్‌ఫెన్వా కాలు విరిగింది. వేసవిలో క్లబ్ వదిలాడు. స్వాన్సీ ఆ పాసింగ్ ఆటతోనే 2008లో ఒక మెట్టు, 2011లో ఇంకో మెట్టు ఎక్కి ప్రీమియర్ లీగ్ చేరింది. క్లబ్ పైకి వెళ్లిన దారి, ఇతని ఆట దారి ఆ మలుపు దగ్గరే వేరయ్యాయి.

కొన్ని నెలలు క్లబ్ లేకుండా గడిపి, మిల్‌వాల్‌లో గోల్ లేని కొద్దికాలం తర్వాత 2008 జనవరిలో నార్తాంప్టన్ టౌన్ చేరాడు. అక్కడి నుంచి ఆరేళ్లు నార్తాంప్టన్, గిల్లింగ్‌హామ్, మళ్లీ నార్తాంప్టన్, మళ్లీ గిల్లింగ్‌హామ్. ఒకే మనిషిని రెండు క్లబ్బులూ రెండేసి సార్లు తీసుకున్నాయంటే అతని పని ఏమిటో, ఎంతో ఆ స్థాయిలో అందరికీ తెలుసన్నమాట.

అదే ఏడాది పుట్టిన మరో ఫార్వర్డ్

రికీ లాంబర్ట్ కూడా 1982లోనే పుట్టాడు, లివర్‌పూల్ పక్కనున్న కర్క్‌బీలో. 15 ఏళ్లకు లివర్‌పూల్ అకాడమీ వదిలేసింది. బ్లాక్‌పూల్ కూడా వదిలేశాక, మాకిల్స్‌ఫీల్డ్‌లో కాంట్రాక్టు లేకుండా సాధన చేస్తూ ఒక ఫ్యాక్టరీలో బీట్‌రూట్ సీసాలకు మూతలు బిగించాడు. అతనూ పెద్ద శరీరం ఉన్న ఫార్వర్డే, వేగం తక్కువే. అయినా 2009లో లీగ్ వన్‌లో ఉన్న సౌతాంప్టన్ చేరి, ఆ క్లబ్‌తోపాటే ప్రీమియర్ లీగ్ వరకు వెళ్లాడు. 2013 ఆగస్టు 14న వెంబ్లీలో స్కాట్లండ్‌పై ఇంగ్లండ్ తరఫున తొలి మ్యాచ్‌లో మొదటి టచ్‌తోనే గోల్ చేశాడు.

ఇద్దరి మధ్య తేడాను ప్రతిభ అనే ఒక్క మాటతో తేల్చేయడం కుదరదు. లాంబర్ట్ దగ్గర మిడ్‌ఫీల్డర్‌కు ఉండాల్సిన పాసింగ్ ఉంది, దూరం నుంచి ఫ్రీకిక్ కొట్టగల కాలు ఉంది. సౌతాంప్టన్ తరఫున కొట్టిన పెనాల్టీల్లో ఒక్కటీ తప్పలేదు. ఈ నైపుణ్యాలు ఏ లీగులోనైనా పనికొస్తాయి. పైగా సౌతాంప్టన్ దగ్గర డబ్బుంది, ఆధునిక ఫిట్‌నెస్ సిబ్బంది ఉన్నారు. చేరగానే బరువు తగ్గాలని మేనేజర్ అలన్ పార్డ్యూ స్పష్టంగా చెప్పాడు, లాంబర్ట్ తగ్గాడు. అకిన్‌ఫెన్వా విలువ మాత్రం ఆ బరువులోనే ఉంది. బరువు తగ్గితే అతను లీగ్ టూలో దొరికే మామూలు ఫార్వర్డ్. తగ్గకపోతే పై లీగుల్లో ఫార్వర్డ్‌ల నుంచి ఆశించే పరుగు, ప్రెసింగ్ చేయలేడు. అతన్ని కింది లీగుల్లో నిలబెట్టిందీ, పైకి పోనివ్వనిదీ ఒక్కటే.

లాంబర్ట్ 2017లో ఆట ముగించాడు. అకిన్‌ఫెన్వా ఇంకో అయిదేళ్లు ఆడాడు. వేగం మీద ఆధారపడిన ఫార్వర్డ్‌కు ముప్పై దాటితే కష్టకాలం మొదలవుతుంది. మొదటి నుంచీ వేగం లేనివాడికి వయసు తీసుకుపోయేది తక్కువ.

గేమ్ తెచ్చిన పేరు

వీడియో గేమ్ కీర్తిని పక్కన పెట్టి ఈ కెరీర్‌ను చెప్పలేం. బలం రేటింగ్ వల్ల నాలుగో స్థాయి ఆటగాడికి ప్రపంచమంతా అభిమానులు వచ్చారు. కొత్త ఎడిషన్ల విడుదల వేడుకలకు అతన్ని పిలిచారు. బీస్ట్ మోడ్ ఆన్ పేరుతో సొంత బట్టల బ్రాండ్ పెట్టాడు. కింది లీగ్ ఆటగాడికి కెరీర్ తర్వాత ఏం చేయాలన్నదే పెద్ద టెన్షన్. ఆ లీగుల్లో జీతాలు బతకడానికి సరిపోతాయి కానీ, ముప్పై అయిదేళ్లకే ఆట ఆపి జీవితాంతం కూర్చుని తినేంత ఉండవు. ఆట నడుస్తుండగానే రెండో ఆదాయం ఏర్పరచుకోవడం ఈ కోణంలో చాలా ముందుచూపున్న పని.

ఆ పేరుకు రెండో వైపూ ఉంది. ప్రజల దృష్టిలో అతను ఒక శరీరం అయ్యాడు. 200కు పైగా కెరీర్ గోల్స్ చేసిన ఫినిషర్ అన్న సంగతి వెనక్కి పోయింది. స్టాండ్స్ నుంచి లావు మీద పాటలు, ఎగతాళి సర్వసాధారణం. 2020 ప్లేఆఫ్ సెమీఫైనల్ తర్వాత, ప్రత్యర్థి క్లబ్‌కు చెందిన ఒకరు తనను జంతువుతో పోల్చి దూషించారని అతను బహిరంగంగా ప్రకటించాడు. శరీరాన్ని సరదాగా చూడటానికీ మనిషిని కించపరచడానికీ మధ్య గీత ఎంత తేలిగ్గా చెరిగిపోతుందో ఆ ప్రకటన చూపించింది. నల్లజాతి ఆటగాళ్ల విషయంలో ఆ గీత ఇంకా సన్నన.

మే నెల జాబితా

ఇంగ్లండ్‌లో ఆటగాళ్ల కాంట్రాక్టులు మామూలుగా జూన్ 30తో ముగుస్తాయి. సీజన్ అయిపోగానే మే నెలలో ప్రతి క్లబ్ ఎవరిని ఉంచుకుంటోంది, ఎవరిని వదిలేస్తోంది అన్న జాబితా ప్రకటిస్తుంది. కింది లీగ్ ఆటగాడి ఇంట్లో ఇంటి అద్దె, పిల్లల స్కూలు అన్నీ ఆ జాబితా మీదే ఆధారపడతాయి.

2014లో అతను చేరిన ఏఎఫ్‌సీ వింబుల్డన్‌ను, పాత వింబుల్డన్ క్లబ్‌ను మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడాన్ని వ్యతిరేకించిన అభిమానులు 2002లో సొంతంగా స్థాపించారు. 2015 జనవరి 5న, అన్ని స్థాయుల క్లబ్బులూ కలిసి ఆడే ఎఫ్ఏ కప్‌లో లివర్‌పూల్ ఆ చిన్న కింగ్స్‌మెడో మైదానానికి వచ్చింది. లివర్‌పూల్ కెప్టెన్ స్టీవెన్ జెరార్డ్ మొదటి గోల్ చేశాక, కార్నర్ తర్వాత గోల్ ముందు జరిగిన తోపులాటలో బంతిని లోపలికి నెట్టి అకిన్‌ఫెన్వా స్కోరు సమం చేశాడు. జెరార్డ్ రెండో గోల్‌తో లివర్‌పూల్ 2-1తో గట్టెక్కింది. లీగ్ టూలో వారం వారం చేసే పనినే అతను ఆ రోజు లివర్‌పూల్ డిఫెన్స్ మీద చేసి చూపించాడు.

2016 మే 30న వెంబ్లీలో లీగ్ టూ ప్లేఆఫ్ ఫైనల్. ప్లిమత్‌పై వింబుల్డన్ 1-0 ఆధిక్యంలో ఉండగా, 90 నిమిషాల తర్వాత కలిపిన ఇంజురీ టైమ్ పదకొండో నిమిషంలో పెనాల్టీని అతను గోల్ చేశాడు. క్లబ్ లీగ్ వన్‌కు ఎక్కింది. అతనికి మాత్రం అక్కడ కొత్త కాంట్రాక్టు లేదు. మ్యాచ్ అయిన కొద్ది నిమిషాలకే లైవ్ టీవీలో, తాను ఇప్పుడు సాంకేతికంగా నిరుద్యోగినని, ఏ మేనేజరైనా వాట్సాప్‌లో మెసేజ్ పెట్టవచ్చని చెప్పాడు.

ఆ మాటకు అందరూ నవ్వారు, వీడియో వైరల్ అయింది. కానీ అది ఈ లీగుల పరిస్థితిని ఉన్నదున్నట్టు చెప్పిన మాట. జట్టును పైకి ఎక్కించిన గోల్ కొట్టినా ఉద్యోగం నిలవదు. పై లీగుకు వెళ్లే క్లబ్‌కు ఇంకొంచెం వేగంగా ఆడేవాళ్లు కావాలి. ప్రమోషన్ తెచ్చిన ఆటగాళ్లనే ప్రమోషన్ బయటికి పంపడం అక్కడ తరచూ జరిగేదే.

వికామ్‌కే ఎందుకు కుదిరింది?

మెసేజ్ పెట్టినవాళ్లలో వికామ్ వాండరర్స్ మేనేజర్ గారెత్ ఐన్స్‌వర్త్ ఉన్నాడు. 1887లో పుట్టిన వికామ్ అప్పట్లో అభిమానుల ట్రస్టు చేతిలో ఉన్న క్లబ్. ఖర్చు భరించలేక 2012లో అకాడమీ మూసేసింది. 2014లో సీజన్ ఆఖరి రోజున, గోల్ తేడాతో మాత్రమే లీగ్ టూ నుంచి జారిపోకుండా బతికింది. సొంతంగా కుర్రాళ్లను తయారుచేసుకోలేని, ఫీజు పెట్టి కొనలేని క్లబ్‌కు మిగిలే దారి ఒక్కటే: వేరేవాళ్లు వదిలేసినవాళ్లలో పనికొచ్చేవాళ్లను ఏరుకోవడం. 34 ఏళ్ల అకిన్‌ఫెన్వా అలా దొరికాడు. ఐన్స్‌వర్త్ బంతిని నేరుగా ముందుకు పంపే ఆటనే నమ్మాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో పెద్దమనిషి అవసరం కూడా ఉంది.

2017-18లో అతను 17 లీగ్ గోల్స్ చేశాడు, వికామ్ లీగ్ వన్‌కు ఎక్కింది. 2019-20 సీజన్ కోవిడ్‌తో మధ్యలో ఆగింది. ఆడిన మ్యాచ్‌ల సగటు పాయింట్లతో పట్టికను తేల్చాలని క్లబ్బులు ఓటేశాయి. ఎనిమిదో స్థానంలో ఉన్న వికామ్, మ్యాచ్‌లు తక్కువ ఆడి ఉండటంతో మూడో స్థానానికి చేరి ప్లేఆఫ్స్‌లో చోటు దక్కించుకుంది (లీగ్ వన్‌లో నేరుగా ఎక్కేవి మొదటి రెండు జట్లే). ఇందులో అదృష్టం పాలు ఉందని ఒప్పుకోవాలి. 2020 జులై 13న ప్రేక్షకులు లేని వెంబ్లీలో ఆక్స్‌ఫర్డ్‌ను 2-1తో ఓడించి, తన చరిత్రలో మొదటిసారి రెండో స్థాయికి ఎక్కింది. ఇప్పుడు వాట్సాప్‌లో తనకు మెసేజ్ పెట్టగలిగేది లివర్‌పూల్ మేనేజర్ యుర్గెన్ క్లాప్ ఒక్కడేనని అకిన్‌ఫెన్వా టీవీలో అంటే, క్లాప్ నిజంగానే అభినందన వీడియో పంపాడు.

38 ఏళ్ల వయసులో అతను మొదటిసారి చాంపియన్‌షిప్ ఆడాడు, ఎక్కువగా సబ్‌స్టిట్యూట్‌గా. వికామ్ ఒక్క పాయింట్ తేడాతో దిగిపోయింది. 2022 మే 21న మళ్లీ ప్లేఆఫ్ ఫైనల్, ఈసారి సండర్‌లండ్ చేతిలో 0-2 ఓటమి. అదే అతని ఆఖరి మ్యాచ్. అప్పటికి అతనికి నలభై ఏళ్లు నిండాయి.

ఇలాంటి కెరీర్లు ఇకపై?

కింది లీగుల్లోనూ ఆట మారుతోంది. మైదానాలు మెరుగుపడ్డాయి. గోల్‌కీపర్ నుంచే పాసులతో ఆడే జట్లు, ఫార్వర్డ్ నుంచే ప్రెసింగ్ మొదలుపెట్టే కోచ్‌లు లీగ్ టూలో కూడా కనిపిస్తున్నారు. ఆటగాళ్లను డేటా చూసి ఎంచుకునే పద్ధతి పెరిగింది. పరుగెత్తిన దూరం లెక్కలో ఇలాంటి ఫార్వర్డ్ ఎప్పుడూ అడుగునే ఉంటాడు.

డబ్బు వైపు చూస్తే పరిస్థితి పెద్దగా మారలేదు. 2020 ఆగస్టులో జీతాల ఖర్చుకు లీగ్ వన్‌లో క్లబ్‌కు 25 లక్షల పౌండ్లు, లీగ్ టూలో 15 లక్షల పౌండ్లు గరిష్ఠ పరిమితి పెట్టారు. ఆటగాళ్ల సంఘం సవాలు చేసి గెలవడంతో 2021 ఫిబ్రవరిలో అది రద్దయింది. ఆ తర్వాత మళ్లీ ఆదాయంలో ఇంత శాతమే జీతాలకు అన్న పాత పద్ధతికే వచ్చారు. ఆదాయం తక్కువున్న క్లబ్ తక్కువే ఇవ్వగలదు, ఇచ్చేది ఏడాదికో రెండేళ్లకో ఇస్తుంది. కాబట్టి మే నెల జాబితాలో పేరు లేని ముప్పై నాలుగేళ్ల ఫార్వర్డ్‌లు, అకాడమీ లేని వికామ్ లాంటి క్లబ్బులు ఇకముందు కూడా ఒకరినొకరు వెతుక్కుంటూనే ఉంటారు. వాళ్లలో వీపుతో డిఫెండర్‌ను ఆపగలవాడికి చోటు ఉంటుందా లేదా అన్నది, ఆ క్లబ్ మేనేజర్ బంతిని ఎలా ముందుకు పంపాలనుకుంటున్నాడన్న దాన్ని బట్టే ఉంటుంది.